కణం కదిలితే జాడ మిగులుతుంది

క్యాన్సర్ కణం పుట్టినచోటు వదిలి కదిలేటప్పుడు తన పొర ముక్కల్ని దారిపొడవునా రాలుస్తూ పోతుంది. ఒకప్పుడు చెత్త అనుకున్న ఈ ముక్కలు జబ్బు పాకటానికి తోడ్పడుతున్నాయని ఇప్పుడు తెలుస్తోంది. కణం కదలకముందే జబ్బును పట్టుకోవటం ఎంత అవసరమో మన ఉత్తరాంధ్ర తీరంలోని అడ్డపొగ అలవాటును చూస్తే బాగా అర్థమవుతుంది.

‘పాకిందా డాక్టరు గారూ?’ క్యాన్సర్ అని తేలగానే ఇంట్లోవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఇదే. అలా అడగటంలో అర్థముంది. నోట్లోనో, రొమ్ములోనో, పెద్దపేగులోనో పుట్టినచోటే ఉండిపోయిన గడ్డను చాలావరకు ఆపరేషన్‌తో తీసెయ్యొచ్చు. లేదా రేడియేషన్‌తో నిర్మూలించొచ్చు. అది అక్కడి నుంచి కదిలి ఊపిరితిత్తులకో, కాలేయానికో, ఎముకలకో చేరితే చికిత్స కష్టమవుతుంది. క్యాన్సర్ మరణాల్లో ఎక్కువ భాగం ఇలా పాకటం వల్లే సంభవిస్తున్నాయి.

మరి ఒక కణం ఉన్నచోటు నుంచి ఎలా కదులుతుంది? ఎక్కడో నోట్లో పుట్టింది మెడలోని గ్రంథుల దాకా, ఊపిరితిత్తుల దాకా ఎలా వెళ్తుంది? శాస్త్రవేత్తలు చాలాకాలంగా దీన్ని శోధిస్తూనే ఉన్నారు. గత పదిహేనేళ్లలో వాళ్ల కంటపడిన ఒక ఆసక్తికరమైన విషయం ఏంటంటే- కదిలే కణం ఊరికే వెళ్లిపోదు. వానాకాలంలో గోడ మీద నత్త పాకినచోట జిగురు చార మిగిలినట్టు, కణం నడిచిన దారిలోనూ దాని పొర తాలూకు ముక్కలు మిగిలిపోతాయి. అవి ఖాళీ ముక్కలు కావు. లోపల సరకు ఉంటుంది. ఆ సరకును చుట్టుపక్కల కణాలు అందుకుంటాయి కూడా.

మంచి కణాలూ నడుస్తాయి

కదలటం క్యాన్సర్ కణాలకే ఉన్న దుర్గుణమేమీ కాదు. తల్లి కడుపులో పిండం రూపు దిద్దుకునేటప్పుడు లక్షల కణాలు తమతమ చోట్లకు నడిచి వెళ్తాయి. కూరగాయలు తరుగుతుంటే వేలు తెగిందనుకోండి. గాయం అంచుల్లోని చర్మ కణాలు రెండు వైపుల నుంచీ జరుగుతూ వచ్చి కలుసుకుంటాయి. అక్కడికి చేరిన సూక్ష్మక్రిముల పని పట్టటానికి న్యూట్రోఫిల్స్ అనే తెల్లరక్తకణాలు రక్తనాళం గోడను దాటుకుని పరుగున వస్తాయి. ఈ నడకలు లేకపోతే మనకు రూపమే లేదు, గాయం మానటమూ లేదు.

కణానికి కాళ్లుండవు. అది నడిచే తీరు తాడు పట్టుకుని పడవను ఒడ్డుకు లాగటంలా ఉంటుంది. ముందు తన పొరను వెళ్లాల్సిన దిక్కుకు చాస్తుంది. ఇంటెగ్రిన్లు అనే ప్రొటీన్ల సాయంతో అక్కడ గట్టిగా పట్టు బిగిస్తుంది. తర్వాత లోపలున్న యాక్టిన్ పోగుల బలంతో మిగతా ఒంటిని ముందుకు లాక్కుంటుంది. చివరగా వెనక వైపు పట్టు వదిలెయ్యాలి. ఈ చివరి ఘట్టంలోనే అసలు సంగతి ఉంది. వెనక పట్టు ఒక్కసారిగా ఊడిపోదు. అంటుకుని ఉన్నచోట పొర సాగిసాగి, బెల్లం పాకం తీగలా సన్నటి పోగులుగా మారుతుంది. కణం ముందుకు పోయినా ఆ పోగులు కొంతసేపు వెనక మిగిలే ఉంటాయి.

దానిమ్మ గింజల్లాంటి మూటలు

ఈ పోగుల మీద ఏముందో నిశితంగా చూసింది చైనాలోని చింగ్‌హువా విశ్వవిద్యాలయంలో లీ యూ అనే శాస్త్రవేత్త బృందం. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద కణాల వెలుపల చిన్నచిన్న బుడగలు నిండిన గుండ్రటి సంచులు కనిపించాయి. గింజలతో నిండిన దానిమ్మ కాయల్లా ఉన్నాయి కాబట్టి మొదట్లో వాటిని ఆ పేరుతోనే పిలిచారు. అవి కదిలే కణాల వెనక, సాగిన పోగుల కొసల్లోనూ కలిసేచోట్లా ఏర్పడుతున్నాయని గుర్తించి, 2015లో ‘మైగ్రాసోమ్’లని పేరు పెట్టారు. వలస వెళ్లే కణం వదిలే మూట అన్నమాట. ఒక్కోటి సుమారు అర మైక్రాన్ నుంచి 3 మైక్రాన్ల దాకా ఉంటుంది. మన తలవెంట్రుక మందం 70, 80 మైక్రాన్లు ఉంటుందనుకుంటే ఇవెంత చిన్నవో ఊహించుకోవచ్చు. కణం ముందుకు సాగిపోయాక పోగులు తెగిపోతాయి. మూటలు అక్కడే పడి ఉంటాయి. కొన్ని పగిలి లోపలి సరకు బయటికొస్తుంది. కొన్నింటిని పక్క కణాలు మింగేస్తాయి.

ఈ మూటలతో కణాలు ఏం చేస్తున్నాయో ఆ తర్వాతి పరిశోధనల్లో ఒక్కొక్కటిగా బయటపడింది. జీబ్రాఫిష్ అనే చిన్న చేప పిండంలో అవయవాలు సరైన చోట ఏర్పడటానికి అవసరమైన రసాయన సంకేతాలను ఇవి మోసుకెళ్తున్నాయని 2019లో తేలింది. 2021లో మరో ఉపయోగం తెలిసింది. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలు మన పరవాడ దగ్గరి సింహాద్రి విద్యుత్ కేంద్రం లాంటివి. ఇవి దెబ్బతింటే కణానికే చేటు. కదిలే కణాలు ఇలా పాడైన మైటోకాండ్రియాలను ఈ మూటల్లో పెట్టి బయటికి తోసేస్తున్నాయి.

న్యూట్రోఫిల్స్ సంగతి ఇంకా విచిత్రం. ఫ్లూ వైరస్ సోకిన ఎలుకల శ్వాసమార్గంలో ఇవి ముందుగా చేరి, నడిచిన దారంతా తమ పొర ముక్కల్ని వదిలిపెడుతున్నాయి. వాటిలోని రసాయన సంకేతాన్ని ఆనవాలుగా పట్టుకుని వైరస్‌ను చంపే టీ కణాలు వెనకాలే వస్తున్నాయి. అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2015లో దీన్ని చూపించారు. చీమ వదిలిన వాసన పట్టుకుని చీమల బారు సాగినట్టే!

చెత్త అనుకున్నదే ఉత్తరమైంది

కణాలు ముక్కల్ని రాలుస్తాయన్న సంగతి నిజానికి పాతదే. 1967లో పీటర్ వోల్ఫ్ అనే శాస్త్రవేత్త రక్తంలోని ప్లేట్‌లెట్ల నుంచి రాలిన సూక్ష్మ రేణువులను చూసి ‘ప్లేట్‌లెట్ ధూళి’ అన్నారు. 1980ల్లో ఎర్రరక్తకణాలు పక్వమయ్యే క్రమంలో బయటికి వదిలే ఇంకా చిన్న బుడగలు కనిపించాయి. ఎక్సోజోమ్‌లనే ఈ బుడగలు 30 నుంచి 150 నానోమీటర్లు మాత్రమే ఉంటాయి. అంటే పెద్ద ఎక్సోజోమ్‌లు కూడా వెంట్రుక మందంలో దాదాపు 500వ వంతే! అప్పట్లో చాలామంది వీటిని కణం బయట పారేసే చెత్తగానే భావించారు. తర్వాత్తర్వాత వీటిలో ప్రొటీన్లు, ఆర్‌ఎన్‌ఏ ఉంటున్నాయనీ, ఒక కణం పంపిన సందేశాన్ని మరో కణం అందుకుంటోందనీ తెలిసింది. చెత్తబుట్ట అనుకున్నది తపాలా పెట్టె అయ్యింది.

క్యాన్సర్ కణం ఈ ఏర్పాటునే తన స్వార్థానికి వాడుకుంటుంది. కొన్ని క్యాన్సర్ కణాలు అమీబాలా ఒళ్లు వంచుకుంటూ, సందుల్లోంచి దూరుతూ కదులుతాయి. అలా కదిలేటప్పుడు పొర ఉబ్బి, 1 నుంచి 10 మైక్రాన్ల పెద్ద బుడగలు తెగిపడతాయి. వీటిని ‘లార్జ్ ఆంకోసోమ్’లంటారు. ప్రొస్టేట్ క్యాన్సర్ కణాల్లో వీటిని 2009లో వర్ణించారు.

ఎక్సోజోమ్‌ల పాత్ర ఇంకా లోతైనది. ఇవి విశాఖ పోర్టులో దిగే కంటైనర్ల లాంటివి. ఏ కంటైనర్ ఎక్కడికి చేరాలో దాని మీద రాసి ఉన్నట్టే, ఎక్సోజోమ్ పొర మీదా చిరునామా ఉంటుంది. ఒక రకం ఇంటెగ్రిన్ ఉన్నవి ఊపిరితిత్తుల్లో దిగుతున్నాయి. మరో రకం ఉన్నవి కాలేయంలో దిగుతున్నాయి. ఎలుకల మీద చేసిన ప్రయోగాలతో అమెరికాకు చెందిన డేవిడ్ లైడెన్ బృందం 2015లో ఈ సంగతి వెల్లడించింది. అవి దిగినచోట వాపు లక్షణాలను రేకెత్తించి, వెనక రాబోయే క్యాన్సర్ కణానికి అనువుగా నేలను దున్ని పెడుతున్నాయి. కణం ఇంకా రాకముందే దాని కోసం పొలం సిద్ధమవుతోందన్నమాట.

క్యాన్సర్ విత్తనం లాంటిదనీ, తగిన నేల దొరికినచోటే మొలుస్తుందనీ లండన్ సర్జన్ స్టీఫెన్ పేజెట్ 1889లోనే అన్నారు. రొమ్ముక్యాన్సర్‌తో మరణించిన 735 మంది వివరాలను పరిశీలించి ఆయన ఈ నిర్ధారణకు వచ్చారు. ఆ నేలను విత్తనమే ముందుగా మనిషిని పంపి చదును చేయించుకుంటుందని మనకు తెలియటానికి వందేళ్లకు పైనే పట్టింది.

కంచె దాటనంత వరకూ...

అయితే ఇవన్నీ జరగటానికి ముందు క్యాన్సర్ కణం దాటాల్సిన కంచె ఒకటుంది. మన నోటి లోపలి పొర, చర్మం, పేగు లోపలి పొర... వీటన్నింటి కింద ‘బేస్‌మెంట్ మెంబ్రేన్’ అనే పలుచటి, దృఢమైన పొర పరచి ఉంటుంది. రక్తనాళాలు, లింఫు నాళాలు దాని అవతల ఉంటాయి. మార్పు చెందిన కణాలు ఈ కంచెకు ఇవతలే ఉన్నంత కాలం ఎక్కడికీ పాకలేవు. ఆ దశలో మచ్చను తీసేస్తే చాలామందికి అక్కడితో సరి.

కంచె దాటటానికి క్యాన్సర్ కణం తన అడుగున సన్నటి మేకుల్లాంటి భాగాలను మొలిపిస్తుంది. వీటిని ‘ఇన్వడోపోడియా’ అంటారు. వీటి కొసల నుంచి కంచెను కరిగించే ఎంజైమ్‌లు వెలువడతాయి. ఇక్కడా రాలే బుడగలదే కీలక పాత్ర. ఎక్సోజోమ్‌లు బయటికి రాకుండా ఆపితే ఈ మేకులు మొలవటం తగ్గిపోతోందని అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లో కణాల మీద చేసిన ప్రయోగాల్లో గమనించారు. ఎంజైమ్‌లను బుడగల్లో పెట్టి పంపటమూ కంచెను కోసే పద్ధతుల్లో ఒకటి.

కాబట్టి క్యాన్సర్‌లో ‘కంచె దాటక ముందు’, ‘దాటిన తర్వాత’ అన్నవి రెండు వేర్వేరు కాలాలు. అన్ని క్యాన్సర్లలోనూ ఈ మొదటి కాలం మన కంటికి కనిపించదు. నోటి క్యాన్సర్‌లో మాత్రం చాలాసార్లు కనిపిస్తుంది, అద్దం ముందు నోరు తెరిస్తే చాలు. ఇందుకు మన తీరం కంటే పెద్ద ఉదాహరణ అక్కర్లేదు.

అడ్డపొగ: మన తీరంలోని కథ

విశాఖ, శ్రీకాకుళం తీర గ్రామాల్లో చుట్టను తిరగేసి, వెలిగించిన కొసను నోట్లో పెట్టుకుని కాల్చే అలవాటు తరతరాలుగా ఉంది. దీన్నే అడ్డపొగ అంటారు. మగవారి కంటే ఆడవారిలో ఎక్కువ. ఎదురుగాలిలోనూ చుట్ట ఆరిపోదనీ, ఎక్కువసేపు వస్తుందనీ, పని చేసుకుంటుంటే నుసి బట్టల మీద పడదనీ దీనికి అలవాటుపడిన వారు చెబుతుంటారు. తల్లిని చూసి కూతురు నేర్చుకున్న అలవాటు ఇది. నిప్పు, పొగ రెండూ నేరుగా తగిలేది అంగిలికే.

ప్రపంచంలో మరెక్కడైనా నోటి క్యాన్సర్ అంటే ఎక్కువగా నాలుక, బుగ్గ, నోటి అడుగు భాగం గుర్తొస్తాయి. గట్టి అంగిలి మీద అరుదు. మన తీరంలో మాత్రం అంగిలి క్యాన్సర్ వైద్యుల కంట ముందు నుంచీ పడుతూనే ఉంది. కోస్తాంధ్రలో నిప్పు కొసను నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చటం వల్ల వచ్చే అంగిలి క్యాన్సర్ గురించి 1957లోనే ‘ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ సైన్సెస్’లో రెడ్డి, రావు అనే వైద్యులు రాశారు. ఆ తర్వాత డెన్మార్క్‌కు చెందిన పిండ్‌బోర్గ్, ముంబయిలోని టాటా పరిశోధన సంస్థకు చెందిన మెహతా, గుప్తా, దఫ్తరీ తదితరులు శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో ఇంటింటికీ తిరిగి 10,169 మంది నోళ్లను పరీక్షించారు. 1971లో ‘బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్’లో అచ్చయిన ఆ అధ్యయనంలో నూటికి 40 మందికి పైగా అడ్డపొగ అలవాటున్నవారే.

ఈ పరిశీలనలతో స్పష్టమైన ముఖ్యమైన సంగతి- అంగిలి ఒక్కరోజులో క్యాన్సర్‌గా మారిపోదు. ముందు రంగు మారుతుంది. తెల్లగా మందమవుతుంది. నడిమధ్యన ఎర్రటి చుక్కలు పొక్కుల్లా లేస్తాయి. కొన్నిచోట్ల ఎర్రగా పలుచబడుతుంది, పుండు పడుతుంది. ఇవన్నీ సాధారణంగా కంచె ఇవతలి మార్పులే. అన్నీ క్యాన్సర్‌గా మారవు. ముఖ్యంగా ఎర్రటి మచ్చలు, మానని పుండ్ల విషయంలో జాగ్రత్త అవసరం. నొప్పి ఉండకపోవటం వల్ల ‘కాలిందిలే, అదే మానుతుంది’ అనుకుని నెలలు గడిపేస్తారు. ఆ నెలలే విలువైనవి.

మరి ఈ దశలో జోక్యం చేసుకుంటే ఫలితం ఉంటుందా? ఉంటుందని మన దేశంలోని రెండు పెద్ద అధ్యయనాలు చెప్పాయి. శ్రీకాకుళంతో సహా మూడు జిల్లాల్లో దాదాపు 36,000 మంది పొగాకు వాడకందారులకు మానుకొమ్మని నచ్చజెబుతూ ఏటా నోరు పరీక్షించారు. పొగాకు మానటమో తగ్గించటమో చేస్తే, క్యాన్సర్‌కు ముందు వచ్చే మచ్చలు కొత్తగా రావటం తగ్గుతుందని 1986లో ‘లాన్సెట్’ పత్రికలో వెల్లడించారు. ఇక తిరువనంతపురంలో సుమారు 1.9 లక్షల మందితో సాగిన అధ్యయనం ఫలితాలు 2005లో వచ్చాయి. ఆరోగ్య కార్యకర్తలు టార్చిలైటుతో నోరు చూసి, అనుమానమున్న వారిని డాక్టరు దగ్గరికి పంపటం- ఇంతే వాళ్లు చేసింది. పొగాకు, మద్యం అలవాట్లున్న వారిలో నోటి క్యాన్సర్ మరణాలు 34 శాతం తగ్గాయి. ఖరీదైన యంత్రాలేమీ లేవు. కణం కదలకముందో, కదిలిన తొలినాళ్లలోనో దొరికింది, అంతే.

ఇది తీరంలోని పేదింటి మామ్మల గొడవే అనుకోవద్దు. పోర్టులోనూ, ఫ్యాక్టరీల్లోనూ రాత్రి షిఫ్టుల్లో నిద్ర ఆపుకోవటానికి ఖైనీ, గుట్కా నోట్లో పెట్టుకునేవారూ, భోజనమయ్యాక జర్దా కిళ్లీ లేనిదే ఉండలేనివారూ, వారాంతాల్లో సిగరెట్‌కు మద్యం జోడించేవారూ మన ఇళ్లలోనే ఉన్నారు. వీరందరి నోటిలోనూ అదే కంచె, అదే ప్రమాదం.

రక్తం చుక్కతో తెలిసిపోతుందా?

కణాలు రాల్చే బుడగలు రక్తంలోకీ, మూత్రంలోకీ, లాలాజలంలోకీ చేరతాయి. వాటిని పట్టుకుని చదివితే గడ్డ ఎక్కడుందో, ఎలాంటిదో ముందే తెలియాలి కదా! ‘లిక్విడ్ బయాప్సీ’ల వెనక ఉన్న ఆలోచనల్లో ఇదొకటి. అమెరికాలో మూత్రంలోని ఎక్సోజోమ్‌ల ఆర్‌ఎన్‌ఏను పరీక్షించి, ప్రొస్టేట్ బయాప్సీ ఎవరికి అవసరమో నిర్ణయించటానికి తోడ్పడే పరీక్ష ఇప్పటికే వాడుకలో ఉంది. చికిత్సలోనూ ప్రయత్నాలు జరుగుతున్నాయి. హ్యూస్టన్‌లోని ఎండీ ఆండర్సన్ క్యాన్సర్ కేంద్రంలో రఘు కల్లూరి బృందం ఎక్సోజోమ్‌లలో మందు లాంటి ఆర్‌ఎన్‌ఏను నింపి, క్లోమ క్యాన్సర్ ఉన్న ఎలుకలకు ఇచ్చి మంచి ఫలితాలు చూసింది. 2017లో ఆ వివరాలు ‘నేచర్’లో వచ్చాయి. తర్వాత మనుషుల మీద తొలిదశ ప్రయోగాలూ మొదలయ్యాయి.

ఇదంతా ఆశ కలిగించేదే. కానీ నోట్లో మచ్చ ఉన్నప్పుడు రక్తపరీక్షలో ఏమీ లేదని తేలితే చాలనుకుని ఊరుకోవటం ప్రమాదం. నోటి క్యాన్సర్‌ను నిర్ధారించేది ఇప్పటికీ బయాప్సీయే.

ఇంకో హెచ్చరిక. ఎక్సోజోమ్ అన్న మాట ఇప్పుడు అందాల క్లినిక్కుల ప్రకటనల్లోకీ ఎక్కింది. ముఖం మెరుపుకూ, జుట్టు మొలవటానికీ, కీళ్లనొప్పులకూ ఇంజెక్షన్లంటూ వేలకు వేలు అడుగుతున్నారు. అనుమతి లేని ఎక్సోజోమ్ ఉత్పత్తుల వల్ల కొందరు రోగులకు తీవ్ర దుష్ప్రభావాలు ఎదురవటంతో అమెరికా ఎఫ్‌డీఏ 2019 డిసెంబరులో ప్రజలను హెచ్చరించింది. ఏ కణం వదిలిన బుడగలో, లోపల ఏముందో తెలియని దాన్ని ఒంట్లోకి ఎక్కించుకోవటం తెలివైన పని కాదు. ముఖ్యంగా గతంలో క్యాన్సర్ వచ్చి తగ్గినవారు తమ క్యాన్సర్ డాక్టరును అడగకుండా ఇలాంటి వాటి జోలికి పోవద్దు.

బయాప్సీ చేస్తే పాకుతుందా?

‘కత్తి తగిలితే క్యాన్సర్ రేగుతుంది’ అన్న భయం మన ఇళ్లలో ఇంకా పోలేదు. పైన చెప్పుకొన్నదంతా ఈ భయానికి జవాబే. కణం కదలటానికి కత్తి కోసం ఎదురుచూడదు. కంచెను కరిగించుకునే ఎంజైమ్‌లు, దారి చూపే బుడగలు దాని దగ్గరే ఉన్నాయి. బయాప్సీ సూది దారిలో కణాలు మిగలటమన్నది చాలా అరుదు. ఏ క్యాన్సర్‌కు ఎక్కడి నుంచి, ఎలా ముక్క తీయాలో డాక్టర్లు ముందే ఆలోచించి చేస్తారు. నోట్లోని మచ్చ నుంచి ముక్క తీయటం చిన్నపని. మత్తిచ్చి కాసేపట్లో పూర్తిచేస్తారు. దాన్ని వాయిదా వేస్తే లాభపడేది క్యాన్సర్ కణమే.

అద్దం, టార్చి, రెండు నిమిషాలు

* నెలకోసారి వెలుతురులో అద్దం ముందు నిల్చుని నోరు పూర్తిగా తెరవండి. కట్టుడు పళ్లుంటే తీసేయండి. తల వెనక్కి వంచి అంగిలిని, నాలుక పైకెత్తి కింది భాగాన్ని, పక్కలను, బుగ్గల లోపలి వైపును, చిగుళ్లను, పెదవుల లోపలి భాగాన్ని టార్చితో చూసుకోండి.
* రెండు వారాలు దాటినా మానని పుండు, గీకినా పోని తెల్లమచ్చ, ఎర్రమచ్చ, గడ్డ, కారణం లేకుండా కదిలే పన్ను, మెడలో బిళ్ల కట్టటం... వీటిలో ఏది కనిపించినా డాక్టరును కలవండి. నొప్పి లేదని ఊరుకోవద్దు.
* ఆవకాయ ముద్ద ఇదివరకు లేనంతగా నోరు మండించినా, నోరు మునుపటిలా తెరుచుకోకపోయినా చూపించుకోవాలి.
* ఇంట్లో చుట్ట, ఖైనీ, జర్దా, గుట్కా అలవాటున్న అమ్మమ్మలు, తాతయ్యలు, పనివారు, డ్రైవర్లు ఉంటే కసురుకోకుండా కూర్చోబెట్టి నోరు చూడండి. పెద్దవాళ్లు తమంతట తాము చెప్పరు.
* 30 ఏళ్లు దాటిన వారికి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ముందస్తు పరీక్షలు చేస్తారు. అనుమానముంటే విశాఖలో కింగ్ జార్జి ఆసుపత్రిలోనో, స్టీల్‌ప్లాంటు సమీపాన అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ నడిపే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిలోనో చూపించుకోవచ్చు.
* పొగాకు మానాలనుకునే వారికి జాతీయ పొగాకు క్విట్‌లైన్ నంబరు 1800 112 356కు ఫోన్ చేస్తే ఉచితంగా సలహాలిస్తారు. ఎన్నేళ్ల అలవాటైనా మానేయటం వల్ల మేలుంటుంది.